నేరకథల్లో గట్టి నాయిక: ఆమె వెంట ఎందుకు నడుస్తాం

సభాధ్యక్షులకు, సభికులకు నమస్కారం.

నేర పరిశోధన కథలను ఇష్టపడేవారికి 1991లో బ్రిటిష్ టెలివిజన్‌లో మొదలైన ‘ప్రైమ్ సస్పెక్ట్’ను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. అయినా నేను చెప్పదలచుకున్నదంతా ఆ సిరీస్ తొలి కథలోని ఒక చిన్న సంఘటన మీద ఆధారపడి ఉంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. ఒక యువతి హత్యకేసును దర్యాప్తు చేస్తున్న అధికారి గుండెపోటుతో హఠాత్తుగా మరణిస్తాడు. హోదాలో అతనికి సమానురాలైనా అంతవరకు సరైన హత్యకేసు దక్కని జేన్ టెనిసన్, ఆ కేసును తనకు అప్పగించమని పైఅధికారిని అడుగుతుంది. ఆయన అయిష్టంగానే ఒప్పుకుంటాడు. పోయిన అధికారి మీద అభిమానం ఉన్న సిబ్బంది ఆమెకు సహకరించరు. కొందరు మొహం మీదే, కొందరు చెప్పిన పనిని నానబెడుతూ తమ వ్యతిరేకతను తెలియజేస్తారు. అలాంటి చోట ఆమె మొట్టమొదట కనిపెట్టినది హంతకుడి జాడ కాదు. కేసు కాగితాల్లో హతురాలి పేరుగా రాసుకున్న పేరే తప్పని, ఆ శవం వేరే అమ్మాయిదని ఆమె గ్రహిస్తుంది. ఒక స్త్రీని మరొక స్త్రీగా పొరబడి, ఆ పొరపాటు మీదే అంతవరకు దర్యాప్తు నడిపించారు.

టెనిసన్ కోపంగా మాట్లాడిన సన్నివేశాలు ఆ సిరీస్‌లో చాలా ఉన్నాయి, ప్రేక్షకులకు ఎక్కువగా గుర్తుండిపోయినవీ అవే. ఆమె గట్టిదనానికి అసలైన రుజువు మాత్రం నా దృష్టిలో ఆ చనిపోయిన అమ్మాయికి తన పేరు తిరిగి ఇప్పించడమే. నేర థ్రిల్లర్ సిరీస్‌లలో గట్టి నాయిక మనల్ని ఇంతగా ఆకట్టుకోవడానికి కారణం ఆమె పిడికిలిలోనో పిస్తోలులోనో ఉందని నేను అనుకోను. హతుల మీద నుంచి చూపు తిప్పుకోవడానికి ఆమె ఒప్పుకోదు. ఆ మొండితనానికి ఏళ్ల తరబడి మూల్యం చెల్లిస్తూనే ఉంటుంది. సిరీస్ అనే సుదీర్ఘమైన ప్రక్రియ ఆ చెల్లింపును మన కళ్ల ముందు జరిపించి చూపుతుంది. ఈ సాయంత్రం నా ప్రసంగమంతా ఈ అభిప్రాయం గురించే.

స్త్రీ పరిశోధకురాలు నిన్న మొన్న పుట్టిన పాత్ర కాదు. ఇంగ్లండ్‌లో 1864లోనే మహిళా డిటెక్టివ్ ప్రధాన పాత్రగా రెండు పుస్తకాలు వెలువడ్డాయి. ఆనాటికి ఆ దేశపు పోలీసు శాఖలో మహిళా డిటెక్టివ్ అనే ఉద్యోగమే లేదు. లండన్ మెట్రోపాలిటన్ పోలీసులో పనిచేసే మహిళలకు అరెస్టు చేసే అధికారం 1923లో గానీ రాలేదు. కల్పన వాస్తవానికి దాదాపు 60 ఏళ్ల ముందే నడిచిందన్నమాట. అమెరికాలో పరిస్థితి కొంత భిన్నం. చికాగోలోని పింకర్టన్ ప్రైవేటు డిటెక్టివ్ సంస్థలో కేట్ వార్న్ అనే మహిళ 1856లోనే ఉద్యోగం సంపాదించింది. పదవీ స్వీకారం కోసం 1861లో రైలులో ప్రయాణిస్తున్న లింకన్‌ను, హత్యకు కుట్ర జరుగుతోందన్న సమాచారంతో రహస్యంగా బాల్టిమోర్ దాటించినవారిలో ఆమె కూడా ఉంది. మగవాళ్లు చొరబడలేని ఇళ్లలోకి, అడగలేని ప్రశ్నల్లోకి స్త్రీ వెళ్లగలదన్నది ఆ తొలి దశలో ఆమెకున్న ప్రధాన అర్హత. 1927లో తొలిసారి కథలో కనిపించిన అగాథా క్రిస్టీ పాత్ర మిస్ మార్పుల్ కూడా ఈ కోవకే చెందుతుంది. అల్లిక పని చేసుకుంటూ మూల కూర్చున్న వృద్ధురాలిని ఎవరూ లెక్కచేయరు, కనుకనే ఆమెకు అన్నీ తెలుస్తాయి. మిస్ మార్పుల్ నాకు ఎంతో ఇష్టమైన పాత్ర. ఆమె బలమంతా ఎవరి కంటా పడకపోవడంలో ఉంది. నేను మాట్లాడుతున్న నాయిక మాత్రం అందరి కళ్ల ముందూ నిలబడి, అందరి వ్యతిరేకతనూ భరిస్తూ పనిచేస్తుంది.

ఈ రెండో రకం నాయిక రావడానికి ఒక అడ్డంకి ఉండేది. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో అమెరికాలో రాజ్యమేలిన ప్రైవేటు డిటెక్టివ్ నవలల్లో స్త్రీకి సాధారణంగా రెండే చోట్లు దక్కేవి. అందంతో వలవేసి నాయకుణ్ని మోసగించాలి, లేదా శవమై పడి ఉండాలి. సారా పారెట్‌స్కీ ఈ సంప్రదాయానికి సమాధానంగానే తన పరిశోధకురాలు వి. ఐ. వార్షాస్కీని సృష్టించానని చెప్పుకుంది. ఆ పాత్ర తొలి నవల 1982లో వచ్చింది. అదే సంవత్సరం స్యూ గ్రాఫ్టన్ తన కిన్సీ మిల్‌హోన్‌ను పాఠకులకు పరిచయం చేసింది. వీరిద్దరికీ ముందే మార్సియా ముల్లర్ 1977లో షారన్ మెకోన్‌ను తెచ్చింది. ఇంగ్లండ్‌లో పి. డి. జేమ్స్ 1972లో కోర్డీలియా గ్రే అనే 22 ఏళ్ల యువతి చేతికి దివాలా అంచున ఉన్న డిటెక్టివ్ ఏజెన్సీని అప్పగించింది. ఆడపిల్లకు తగని ఉద్యోగమని ఎదురైన ప్రతివారూ చెబుతుంటే ఆమె మర్యాదగా విని తన పని తాను చేసుకుపోతుంది.

కిన్సీ మిల్‌హోన్ తొలి నవల ఆరంభాన్ని కాస్త వివరంగా చూడాలి. తన పేరు, వయసు 32 ఏళ్లని, రెండుసార్లు విడాకులయ్యాయని, పిల్లలు లేరని చెప్పుకున్న వెంటనే, మొన్న ఒక మనిషిని చంపానని, ఆ విషయం మనసును బరువుగా పట్టుకుని ఉందని ఆమె అంటుంది. అంతకు ముందరి డిటెక్టివ్ నాయకులు ఎంతమందిని కాల్చి ఉంటారో మీకు తెలుసు. కాల్చిన తరువాత వాళ్లు ఒక గ్లాసు మద్యం పోసుకుని తరువాతి అధ్యాయంలోకి వెళ్లిపోయేవారు. కిన్సీ మాత్రం ఆ బరువుతోనే కథ ఎత్తుకుంటుంది. తుపాకీ పేల్చడం చేతకాని మనిషి కాదు, పేల్చింది కూడా. దాని లెక్క తన ఖాతాలోంచి తుడిచేసుకోవడానికి మాత్రం సిద్ధంగా లేదు. నేను మూల్యం అన్నది దీన్నే. గ్రాఫ్టన్ ఆంగ్ల అక్షరమాల వరుసలో 2017 వరకు 25 నవలలు రాసి, చివరి అక్షరాన్ని చేరకుండానే ఆ ఏడాది కన్నుమూసింది. ఆ పాతిక పుస్తకాలను వరుసగా చదివిన పాఠకులకు కిన్సీ ఒక పరిచయస్థురాలిగా మారిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక్కడ కథా ప్రక్రియ గురించి ఒక మాట చెప్పాలి. రెండున్నర గంటల సినిమాలో నాయిక గట్టిదని మనకు చూపించాలంటే దర్శకుడికి సమయం ఉండదు. పోరాట దృశ్యం ఒకటి, పదునైన సంభాషణ ఒకటి పెట్టి నమ్మించాలి. సిరీస్‌కు ఆ తొందర లేదు. డెన్మార్క్‌లో 2007లో ప్రసారమైన ‘ఫర్‌బ్రుడెల్సన్’ తొలి సీజన్‌లో 20 ఎపిసోడ్‌లు ఉన్నాయి, ఆ ఇరవైలో నడిచేది ఒక్క అమ్మాయి హత్య దర్యాప్తే. ఆరంభంలో సారా లుండ్ అనే అధికారికి అది కోపెన్‌హాగన్‌లో చివరి పనిదినం. మనువాడబోయే మనిషితో, కొడుకుతో కలిసి స్వీడన్‌లో స్థిరపడడానికి ప్రయాణం సిద్ధంగా ఉంటుంది. ఆమె వెళ్లదు. ఇంకొక్క రోజు, ఇంకొక్క సాక్షి అంటూ వాయిదా వేస్తూనే ఉంటుంది. ఆ వాయిదాల్లోనే ఆమె కుటుంబం కొంచెం కొంచెంగా చేజారిపోవడాన్ని మనం చూస్తాం. ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఎక్కువసార్లు ఒక గది మధ్యలో నిలబడి చుట్టూ చూస్తుంది, అంతే. ఆమె వేసుకున్న ఉన్ని స్వెట్టర్ ఎన్నో దేశాల్లో పేరు తెచ్చుకుంది. నేను దాన్ని ఫ్యాషన్ విశేషంగా చూడను. తను ఎలా కనబడుతున్నానన్న ధ్యాస లేని మనిషి బట్టలు అవి. తెర మీద స్త్రీ పాత్రకు ఆ నిశ్చింత దక్కడం ఎంత అరుదో ఆలోచిస్తే ఆ స్వెట్టర్‌ను జనం ఎందుకు ప్రేమించారో అర్థమవుతుంది.

ఆ సిరీస్‌లో నాకు మరింత గొప్పగా తోచిన అంశం, హతురాలి తల్లిదండ్రుల దుఃఖానికి దర్యాప్తుతో సమానమైన చోటు ఇవ్వడం. మామూలు నేరకథలో శవం మొదటి అధ్యాయంలో దొరుకుతుంది, రెండో అధ్యాయానికల్లా అది కేవలం ఒక చిక్కుముడి అవుతుంది. ఇక్కడ 20 ఎపిసోడ్‌ల పొడవునా ఆ అమ్మాయి ఒక ఇంటి బిడ్డగానే మిగిలింది. లుండ్ మొండితనం మనకు చిరాకు పుట్టించకుండా గౌరవం కలిగించడానికి కారణం ఆ ఇల్లే.

హింసకు బలయ్యేది తరచుగా స్త్రీలే అయిన కథలను స్త్రీలే ఇంత ఇష్టంగా చదవడం, చూడడం వింతగా ఉందని కొందరంటారు. నాకది వింతగా కనబడదు. గట్టి నాయిక ఒకేసారి రెండు స్థానాల్లో నిలబడి ఉంటుంది. ఆమె చేతిలో అధికారం ఉంది, కాబట్టి నేరస్థుణ్ని వెంటాడగలదు. ఆమెది స్త్రీ శరీరం, కాబట్టి ఆ నేరస్థుడి కంటికి ఆమె కూడా వేటే. చీకట్లో వెనుక అడుగుల చప్పుడు వినిపిస్తే ఒంట్లో ఏం జరుగుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1988 నాటి నవల ఆధారంగా 1991లో వచ్చిన ‘ద సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్’ చిత్రం ఈ సంగతిని ఒక్క దృశ్యంలో పట్టుకుంది. శవపరీక్ష జరగాల్సిన గదిలో క్లారిస్ స్టార్లింగ్ అనే శిక్షణార్థిని చుట్టూ స్థానిక పోలీసులు గుమిగూడి ఆమెనే చూస్తుంటారు. ఆ అమ్మాయిని ఇంతదూరం జాగ్రత్తగా తెచ్చినందుకు ఆమె వారికి ధన్యవాదాలు చెప్పి, ఇకమీద చూసుకోవలసింది తామేనని, దయచేసి బయటికి వెళ్లమని అంటుంది. గొంతు పెంచదు. తరువాత శవం గోళ్ల రంగును, చెవుల కుట్లను చూసి ఆ అమ్మాయి పల్లెపిల్ల కాదు, పట్నం మనిషి అని గుర్తిస్తుంది. భయం ఎలా ఉంటుందో తెలిసినవారు, ఆ గోళ్ల రంగు ఎంత ఇష్టంగా వేసుకుని ఉంటుందో ఊహించగలవారు, ఆ గదిలో ఆమె తప్ప మరొకరు లేరు. స్త్రీ పాఠకులు ఇలాంటి నాయికలో వెతికేది నిర్భయత్వమని నాకు అనిపించదు. తమకున్న భయమే ఉండి, దాన్ని పక్కన పెట్టుకునే పని పూర్తిచేసే మనిషిని వాళ్లు వెతుకుతారు.

మగ ప్రేక్షకుల సంగతి వేరుగా చెప్పేదేమీ లేదు. మంచి పనిమంతురాలు పనిచేస్తుంటే చూడడంలోని ఆనందం అందరికీ ఒకటే.

ఇప్పుడు నన్ను చాలాకాలంగా బాధిస్తున్న ఒక పద్ధతి గురించి మాట్లాడతాను. మగ డిటెక్టివ్ గట్టివాడైతే ఆ గట్టిదనం ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగరు. అతను అలాంటివాడు, అంతే. నాయిక గట్టిదైతే మాత్రం రచయిత వెంటనే సంజాయిషీ ఇచ్చుకోవడం మొదలుపెడతాడు. చిన్నతనంలో అత్యాచారం జరిగిందనో, తండ్రిని కళ్ల ముందు చంపారనో, బిడ్డ పోయాడనో ఒక గతాన్ని తవ్వి తీస్తాడు. మామూలుగా ఉంటే స్త్రీ మెత్తగానే ఉండేదని, ఎవరో గాయపరిస్తే తప్ప ఇలా తయారు కాదని ఆ కథలు చెప్పకనే చెబుతాయి. ఇది స్త్రీకి గౌరవం కాదు. పైగా, అత్యాచారాన్ని ఒక శిక్షణ కార్యక్రమంలా వాడుకోవడం నాకు నీచంగా తోస్తుంది. స్వీడన్ రచయిత స్టీగ్ లార్సన్ నవలా త్రయంలోని నాయిక లిస్‌బెత్ సలాండర్‌ను కూడా ఈ గాటన కట్టేవారున్నారు. నేను ఒప్పుకోను. తొలి నవలకు రచయిత స్వీడిష్‌లో పెట్టిన పేరుకు ‘స్త్రీలను ద్వేషించే పురుషులు’ అని అర్థం. ఆయన చూపు ఆమె గాయం మీద కంటే ఆ గాయాన్ని సాధ్యం చేసిన సంరక్షకుల మీద, వైద్యుల మీద, అధికారుల మీద ఎక్కువగా నిలిచింది. ఆమెను అనుకరించి పుట్టుకొచ్చిన పాత్రల్లో చాలావాటికి నల్లబట్టలు, పచ్చబొట్లు వచ్చాయి గానీ ఆ కోపం అబ్బలేదు.

గతాన్ని సంజాయిషీగా చూపకుండానే నిలబడిన నాయికలూ ఉన్నారు. ఇందాక చెప్పిన కోర్డీలియా గ్రే ఒకరు. 2011లో మొదలైన ‘ద బ్రిడ్జ్’లోని సాగా నోరెన్‌ను కూడా మొదటి ఎపిసోడ్‌లో ఏ వివరణా లేకుండానే మన ముందు నిలబెట్టారు. డెన్మార్క్, స్వీడన్‌లను కలిపే వంతెన మీద, సరిగ్గా సరిహద్దు గీత దగ్గర ఒక శవం దొరుకుతుంది. గుండె రోగితో వచ్చిన అంబులెన్స్‌ను ఘటనా స్థలం మీదుగా పోనివ్వడానికి సాగా ఒప్పుకోదు; డెన్మార్క్ అధికారి జాలిపడి వదిలేస్తే అతని మీద ఫిర్యాదు చేస్తుంది. లౌక్యం, మొహమాటం ఆమెకు తెలియవు. ఆమె గతం తరువాతి సీజన్లలో బయటపడుతుంది, నిజమే. అప్పటికే ఆమె అలాగే ఉంటుందని మనం ఒప్పేసుకున్నాం.

గతం ఉండకూడదని నేను అనడం లేదు. దాన్ని ఎలా వాడారన్నదే ప్రశ్న. ఆ మాటకొస్తే, ఈ ప్రక్రియలో వచ్చిన వాటిలో నేను అగ్రస్థానం ఇచ్చే ‘హ్యాపీ వ్యాలీ’ సిరీస్ మొత్తం ఒక గతం మీదే కట్టినది. శాలీ వెయిన్‌రైట్ రాసిన ఆ కథలో క్యాథరిన్ కావుడ్ వెస్ట్ యార్క్‌షైర్‌లో యూనిఫాం వేసుకుని వీధుల్లో తిరిగే సార్జెంటు, నడివయసు మనిషి, విడాకులు తీసుకున్న స్త్రీ. అత్యాచారానికి గురై ప్రాణం తీసుకున్న కూతురి బిడ్డను పెంచుతోంది. ఆ నేరానికి కారకుడని ఆమె నమ్మే టామీ లీ రాయిస్ వేరే నేరం మీద జైలుకెళ్లి విడుదలై వస్తాడు. ఇక్కడి గతం ఆమె గట్టితనానికి సంజాయిషీగా రాలేదు. రోజూ బడికి తీసుకెళ్లాల్సిన మనవడి రూపంలో ఆమె ఇంట్లోనే ఉంది. 2014 నాటి మొదటి సీజన్‌లో ఒక నేలమాళిగలో బందీగా ఉన్న ఆన్ గాలహర్‌ను విడిపించబోయి ఆమె చావుదెబ్బలు తింటుంది. ఆ బందీ పిల్లే తెగించి ఆమెను ఈడ్చుకుంటూ బయటికి తెస్తుంది. కాపాడడానికి వచ్చినవారిని కాపాడబడవలసినవారు కాపాడిన ఆ దృశ్యం తరువాత క్యాథరిన్ లేచి తిరగడానికి ఎంతకాలం పడుతుందో, ఎలా పనిలోకి రాలేకపోతుందో, ఇంట్లోవాళ్ల మీద ఎలా విసుక్కుంటుందో సిరీస్ ఓపికగా చూపుతుంది. ఆన్ తరువాతి సీజన్లలో తనూ పోలీసు ఉద్యోగంలో చేరుతుంది. దెబ్బలు తిన్న నాయిక మరుసటి దృశ్యంలో దుమ్ము దులుపుకుని పరుగెత్తే కథలు ఎన్ని చూసినా, ఈ ఒక్క కథలో ఉన్న ధైర్యం నాకు వాటిలో కనబడలేదు.

ఇలాంటి నాయిక తప్పులు చేయవచ్చునా అని కూడా అడుగుతారు. చేయాలి. 2021లో వచ్చిన ‘మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్’లో నాయిక మేర్, మనవడు తన దగ్గర్నుంచి వెళ్లిపోతాడన్న భయంతో వాడి తల్లి దగ్గర మాదకద్రవ్యాలు పెట్టి ఇరికించబోతుంది. అది క్షమించరాని అధికార దుర్వినియోగం, ఆ సిరీస్ దాన్ని క్షమించలేదు కూడా; ఆమె బ్యాడ్జి పోతుంది. ఆ పాత్ర వేసిన కేట్ విన్‌స్లెట్ ఒక దృశ్యంలో తన పొట్ట ఉబ్బెత్తుగా కనబడుతోందని దర్శకుడు కత్తిరించబోతే వద్దని పట్టుబట్టానని పత్రికలకు చెప్పింది. నడివయసు స్త్రీ శరీరాన్ని, నడివయసు స్త్రీ అపరాధాన్ని రెండింటినీ దాచకుండా చూపినందుకు ఆ పాత్ర మీద నాకు నమ్మకం కుదిరింది.

మన దేశంలో ఈ పరిణామం కొంచెం వేరే దారిలో నడిచింది. కిరణ్ బేడీ 1972లో తొలి మహిళా ఐపీఎస్ అధికారి అయ్యారు. 1989లో దూరదర్శన్ ‘ఉడాన్’ ధారావాహికను ప్రసారం చేసింది. అందులో ఐపీఎస్ అధికారి అయ్యే కల్యాణి పాత్రను రచయిత్రి, దర్శకురాలు, నటి అయిన కవితా చౌదరి తన అక్క కాంచన్ చౌదరి జీవితం నుంచి తీసుకుంది. ఆ అక్కే 2004లో దేశంలో ఒక రాష్ట్రానికి తొలి మహిళా డీజీపీ అయ్యారు. 1990లో వచ్చిన ‘కర్తవ్యం’ చిత్రంలో పోలీసు అధికారి వైజయంతి పాత్రకు విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి పురస్కారం లభించింది. ఆ చిత్రం చూసి ఎంతమంది ఉత్తేజం పొందారో తెలుగువారికి నేను చెప్పనక్కరలేదు. ఇవి ప్రధానంగా స్త్రీ ఆ యూనిఫాం వేసుకోగలదని చాటిన కథలు, ఆ రోజుల్లో ఆ చాటింపు అవసరమే. వేసుకున్న తరువాత మర్నాడు, ఆపై మర్నాడు ఏం జరుగుతుందన్నది సిరీస్‌లు అందుకున్నాయి. 2019 నాటి ‘ఢిల్లీ క్రైమ్’లో డీసీపీ వర్తికా చతుర్వేది 2012 డిసెంబరు నాటి నిర్భయ కేసును చేపట్టి, నిందితులందరూ దొరికేదాకా ఇంటి ముఖం చూడకుండా బృందాన్ని నిలబెడుతుంది. ఆ సిరీస్ దాడిని మనకు చూపించలేదు. బాధితురాలు ఆసుపత్రిలో చెప్పిన మాటలు, అవి విన్న అధికారి ముఖం, అంతవరకే చూపింది. 2020లో దానికి అంతర్జాతీయ ఎమ్మీలలో ఉత్తమ డ్రామా పురస్కారం వచ్చింది. ఇంత ఘోరాన్ని బొమ్మ కట్టకుండా చెప్పడం సాధ్యమైంది, చూస్తున్నది వర్తిక కళ్లతో కాబట్టి. హతురాలి గౌరవాన్ని కాపాడే పనిని నాయిక, కెమెరా కలిసి చేశాయి.

చివరగా ఈ సిరీస్‌లు ముగిసే తీరు గురించి. జేన్ టెనిసన్ కథ 2006లో ముగిసింది. అప్పటికి ఆమె తాగుడుకు బానిసై, తోడు ఎవరూ లేని మనిషిగా ఉద్యోగ విరమణకు చేరుకుంది. ఆ చివరి భాగాన్ని హెలెన్ మిరెన్ అద్భుతంగా నటించింది, ఆ నటన గురించి రెండో మాట లేదు. అయినా 15 ఏళ్లు ఆ పాత్ర వెంట నడిచిన ప్రేక్షకుల్లో చాలామందిలాగే నాకూ ఒక అసంతృప్తి మిగిలింది. మూల్యం చెల్లించడం వేరు, దండన అనుభవించడం వేరు. పనిని ఇంటికంటే ముందు పెట్టిన స్త్రీకి ఒంటరితనమే తగిన ముగింపు అన్నట్టుగా ఆ కథ ధ్వనించింది. 2023లో ‘హ్యాపీ వ్యాలీ’ చివరి ఎపిసోడ్ వచ్చేనాటికి అందరూ క్యాథరిన్‌కూ టామీకీ మధ్య ఒక భీకర పోరాటం జరుగుతుందని ఎదురుచూశారు. ఆ ఇద్దరూ ఆమె ఇంట్లోనే, వంటగది బల్ల దగ్గర ఎదురుపడి మాట్లాడుకున్నారు. తొమ్మిదేళ్ల పగ, కూతురి జ్ఞాపకం, మనవడి మీద ఇద్దరికీ ఉన్న హక్కు, అన్నీ ఆ మాటల్లోకి వచ్చాయి. ఆమె అతనికి చెప్పవలసినవన్నీ చెప్పింది. అతను తన చావు తానే తెచ్చుకున్నాడు. విరమణ తరువాత హిమాలయాల దాకా వెళ్లాలని పాత ల్యాండ్ రోవర్ కొని పెట్టుకున్న ఆ సార్జెంటు, ఇంట్లో చెల్లెలితో, మనవడితో సహా నిలబడి తన ఉద్యోగం పూర్తిచేసింది. ఈ రెండు ముగింపుల మధ్య 17 ఏళ్ల దూరం ఉంది, ఆ మధ్యకాలంలో ఈ నాయికను రాసే చేతులు నేర్చుకున్నది చాలా ఉంది. ఇకమీద రాయబోయేవారు రెండో ముగింపును పక్కన పెట్టుకుని రాయాలని నా కోరిక.

నమస్కారం.